నల్లరేగడిలో ఇల్లు: చలికాలంలో పునాది పక్కన నీళ్లకు దారి

మాది ఆదిలాబాద్ జిల్లా జైనథ్ మండలం. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. ఊరంతా నల్లరేగడే. బాపు కట్టించిన ఇంట్లో వెనక గది మూలన, కిటికీ కింది నుంచి మెట్లు మెట్లుగా దిగిన బీట ఒకటి ఉండేది. వానాకాలంలో అందులో గోరు దూరదు. ఎండాకాలంలో రూపాయి బిళ్ల దూరేది.

నల్లమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. దాని మీద కూర్చున్న పునాది ఏటా ఇంత లేచి ఇంత దిగుతుంది. గోడ పక్కన మన్ను ఒకప్పుడు ముద్దగా, ఒకప్పుడు నెర్రెలుగా మారకుండా చూడడమే మనం చేయాల్సిన పని.

మొదటిసారి ఒక కాంట్రాక్టరు గోడకు ఆనించి కాలువ తవ్వించి, కంకర నింపి వెళ్లాడు. నీళ్లు బయటికి పోయే దారి మాత్రం పెట్టలేదు. ఆ వానలకు కంకర నిండా నీళ్లు నిలిచి పునాదికే పట్టాయి. వెనక గది గచ్చు ఉబ్బింది, తలుపు పట్టేసింది. అమ్మ పడుకునేది ఆ గదిలోనే. వాన పడిన ప్రతి రాత్రీ నాకు టెన్షనే.

అందుకే గడ్డపార పట్టకముందే నీళ్లు చివరికి ఎక్కడ పడాలో తేల్చుకోండి. మాకు రోడ్డు పక్క మోరీ ఉంది, వెనక మూల నుంచి 60 అడుగులు. వంద అడుగులకు ఒక అడుగు వాటం కావాలి, అంటే 60 అడుగులకు ఏడు అంగుళాల పైనే. మేస్త్రీ దగ్గరుండే లెవల్ పైపులో బుడగ లేకుండా నీళ్లు నింపి, రెండు చివరలా మేకుల మీద గుర్తు పెట్టి కొలవండి. కంటి అంచనాను నమ్మొద్దు. మోరీ ఎత్తులో ఉంటే కాలువలో పైపు వేసే పని ఆపేసి, పై నీళ్లు మళ్లించడం వరకే చేయండి. దారిలేని కాలువ కన్నా కాలువ లేకపోవడమే మేలు.

సమయం డిసెంబరు, జనవరి. వానల్లో ఈ మన్ను పారకు అంటుకుని వదలదు, ఏప్రిల్‌లో రాయిలా ఉంటుంది. చలికాలంలో తవ్వితే గడ్డలుగా వస్తుంది. గడ్డ విరిచి చూడండి, లోపలి పక్క నూనె పూసినట్టు నిగనిగలాడుతుంది. ఏళ్లుగా ఉబ్బి ముడుచుకుంటూ మన్ను మన్నునే రాసుకున్న గుర్తు అది. మా దగ్గర రెండడుగుల లోతులో మొరం తగిలింది. డిసెంబరులో కూడా తడిగానే ఉంది. వెనక పత్తి చేను మాకంటే ఎత్తు. అక్కడి జాలు (ఊట నీళ్లు) ఈ మొరంలోంచే ఇంటి కిందికి వస్తోందని అప్పుడు తెలిసింది.

కూలీలు దొరకడమే కష్టం, అందరూ పత్తి ఏరడానికి పోతారు. సంక్రాంతికి ముందే మాట్లాడుకోండి.

గోడకు నాలుగడుగులు వదిలి, అడుగుంపావు వెడల్పున, మొదట్లో రెండడుగుల లోతున తవ్వించాం. పునాది అడుగు కన్నా లోతుకు ఎప్పుడూ పోవద్దు. పది అడుగులు తవ్వి, నింపి, తర్వాతి పది అడుగులకు పోండి. ఇంటి వైపు పక్కకూ అడుగుకూ మందపాటి పాలిథిన్ షీటు పరవండి, దాని మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను వదిలి మన్నును ఆపేది). యూరియా సంచులు కోసి వేయొద్దు, బంకమన్ను పట్టి మూసుకుపోతాయి. గుడ్డలో రెండు అంగుళాలు 20 ఎంఎం కంకర, దాని మీద 110 ఎంఎం పీవీసీ పైపు. పైపుకు రెండు వరసలు రంధ్రాలు వేయించి, అవి కింది వైపుకు ఉండేలా పెట్టండి. చలికి అతుకుల సొల్యూషన్ ఆలస్యంగా ఆరుతుంది, ఎండ వచ్చాక అతికించి మర్నాటి దాకా కదపొద్దు. పైన మళ్లీ కంకర, గుడ్డ మడత, అర అడుగు మన్ను దిమ్మిస కొట్టి పూడ్చాలి. మలుపు దగ్గర మూత ఉన్న చిన్న గుంత కట్టించండి.

పైన మన్ను పూడ్చే ముందు పై చివర బిందెడు పసుపు నీళ్లు పోశాం. మోరీ దగ్గర తమ్ముడు కూర్చున్నాడు. కాసేపటికి పచ్చటి ధార వచ్చింది. అది చూసే పూడ్పించాను.

స్లాబు నీళ్లను ఈ పైపులో కలపొద్దు. 1,200 చదరపు అడుగుల స్లాబు మీద 5 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 5,500 లీటర్లు. వాటికి రంధ్రాల్లేని పైపు వేరే వేసి మోరీలో కలపాలి. గోడ నుంచి కాలువ దాకా కాంక్రీటు గచ్చు వేసి, బయటికి రెండున్నర అంగుళాల వాలు ఇవ్వండి. మధ్యాహ్నం మూడు లోపు పోత ముగించాలి, రాత్రి చలికి సిమెంటు నెమ్మదిగా గట్టిపడుతుంది. ఎండ లేదు కదా అని తడపడం మానొద్దు. చలిగాలికి పైపొర ఎండిపోతుంది. గోనెపట్టాలు కప్పి పది రోజులు తడపండి. బట్టలుతికే బండ గోడ పక్కనుంటే జరపండి. మా ఇంటి చెమ్మలో సగం దానిదే.

బీటను వెంటనే పూడ్చొద్దు. పెన్సిలుతో రెండు చివరలా గీత పెట్టి తేదీ రాసి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడండి. గుంత మూత మాత్రం ఏటా మిరుగు (మృగశిర కార్తె) లోపు తీసి, అడుగున చేరిన మన్ను తోడి, రెండు బిందెల నీళ్లు పోసి మోరీ దగ్గర చూసుకోవాలి.