మస్కీ వెంట వచ్చి వెనక్కి పోతోందా? చప్పుడు లూరా, సైలెంట్ లూరా తేల్చుకునే పద్ధతి

"అన్నా, గలగలలాడేది కట్టాలా, గప్‌చుప్‌గా పోయేది కట్టాలా?" మినియాపొలిస్‌లో నాతో కొత్తగా పడవెక్కే తమ్ముళ్లు మొదటి గంటలోనే అడిగేది ఇదే. నేను తిరిగి ఒకటే అడుగుతాను: చేప కనబడిందా, లేదా?

పదివేల సార్లు విసిరితే గానీ పడదని పేరు మోసిన చేప మస్కీ, ఉత్తర అమెరికా మంచినీళ్లలో వేటాడి బతికే పెద్ద చేప. ఏ విసురు ఎందుకు దండగైందో చూడకుండా లూర్లు, అంటే ఎర బదులు కట్టే బొమ్మ ఎరలు, మార్చుకుంటూ పోతే పొద్దు గూకుతుంది తప్ప చేప రాదు. అసలు కనబడలేదంటే దానికి లూర్ జాడ అందలేదేమో చూడాలి. కనబడి వెనక్కి పోయిందంటే జాడ అందింది, నమ్మకం కుదరలేదు. ఇవి రెండు వేరే రోగాలు, ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు.

సమస్య: పొద్దుటి నుంచీ విసురుతున్నా నీడ కూడా కనబడలేదు

ముందు చోటు సంగతి చూసుకోండి. గడ్డి అంచు గానీ, లోతు ఒక్కసారిగా పడిపోయే రాతి గట్టు గానీ, చిన్న చేపల గుంపు గానీ దగ్గర్లో లేకపోతే ఎంత చప్పుడు చేసినా వినేవాడు లేడు. చోటు బాగానే ఉందనిపిస్తే నీళ్లు చూడండి. తెల్లటి లూర్‌ని పడవ పక్కన నిట్టనిలువుగా దించుతూ ఎక్కడ మాయమవుతుందో గమనించండి. విస్కాన్సిన్‌లోని చిపెవా ఫ్లోయేజ్‌లో నీళ్లు పల్చటి డికాషన్ రంగులో ఉంటాయి. అలాంటి చోట మూడు, నాలుగు అడుగుల్లోనే లూర్ కనుమరుగైతే కారణం దొరికినట్టే. చీకటి పడ్డాకా, గాలికి నురగ అలలు లేచినప్పుడూ ఇదే లెక్క.

ఇక్కడ చప్పుడు కావాలి, కానీ ఏ చప్పుడు? మస్కీ కింది దవడను తిరగేసి చూస్తే ఒక్కో వైపు ఆరు నుంచి తొమ్మిది సన్నటి రంధ్రాలుంటాయి. దాని దాయాది నార్తర్న్ పైక్‌కి ఐదో, అంతకన్నా తక్కువో ఉంటాయి, రెంటినీ వేరుపట్టే గుర్తుల్లో ఇదొకటి. ఒంటి పక్కన సాగే పార్శ్వరేఖ ఏర్పాటులో ఆ రంధ్రాలూ భాగమే. దూరపు చప్పుడుని చెవి అందుకుంటుంది. దగ్గరికి వచ్చాక, అంటే ఒకటి రెండు ఒంటి పొడవుల దూరంలో, కదిలే వస్తువు నీళ్లను ఎలా నెడుతోందో పార్శ్వరేఖ చెబుతుంది. అందుకే మసక నీళ్లలో నేను లూర్ లోపలి గోలీల గలగల కన్నా దబ్ దబ్ మనే తోపునే నమ్ముతాను. పదో నంబరు బ్లేడులు (గిర్రున తిరిగే రేకులు) రెండున్న బక్‌టెయిల్, అంటే వెంట్రుకల కుచ్చు తోక ఉన్న లూర్ కట్టి, ఆపకుండా ఒకే వేగంతో చుట్టండి. బ్లేడులు సరిగా తిరుగుతుంటే రాడ్ పిడి అరచేతిలో నాడిలా కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడం ఆగిందంటే గడ్డిపోచ ఏదో చిక్కుకుందన్నమాట, లాగి దులపండి. లూర్ నీళ్లలో పడగానే ఒక్క కుదుపు ఇవ్వకపోతే కూడా పెద్ద బ్లేడులు తిరగడం మొదలుపెట్టవు. నేను మొదటి సీజన్‌లో సగం విసుర్లు అలా చచ్చిన బ్లేడులతోనే చుట్టి ఉంటాను. పక్కవాడికి చెప్పబుద్ధి కాలేదు కూడా.

సమస్య: పడవ దాకా వస్తుంది, ఒక్క చూపు చూసి మునిగిపోతుంది

తల పట్టుకునేది ఇక్కడే. అది ఎలా వచ్చిందన్నదాని మీద మందు ఆధారపడుతుంది. లూర్ తోకకి మూతి ఆనించినట్టుగా, పైపైన, రెక్కలు బిగించి వస్తే దానికి చప్పుడుతో పేచీ ఏమీ లేదు. లూర్ మార్చకండి. రాడ్ కొనను నీళ్లలో ముంచి పెద్ద ఎనిమిది అంకె గీయండి, మలుపులు వెడల్పుగా ఉండాలి, మలుపులోనే వేగం పెంచాలి. నాలుగు అడుగులకు పైబడిన చేప చిన్న మలుపు తిరగలేదు. సన్నగా గిలికితే దానికి దారే ఉండదు.

అలా కాకుండా మూడడుగుల కింద, మూడడుగుల వెనక, నిద్రలో నడిచినట్టు వస్తే అప్పుడు చప్పుడుని అనుమానించాలి. మిన్నెసోటాలోని మిల్ లాక్స్ సరస్సులో 2005లో జీబ్రా ఆల్చిప్పలు బయటపడ్డాయి. అవి నీళ్లను వడగట్టేస్తాయి, అక్కడి నీళ్లు తేటబడ్డాయి. తేట నీళ్లలో చేపను పిలవడం వరకు చప్పుడు పని చేసింది, వచ్చాక కంటితో చూసి తూకం వేసుకుంటుంది. పైగా మినియాపొలిస్ పక్కనున్న మిన్నెటోంకా సరస్సు లాంటి చోట శనివారం వస్తే ఒకే గడ్డి అంచు మీదుగా పడవ వెనక పడవ అవే జంట బ్లేడులు విసురుకుంటూ పోతుంది. ఎండ కాసి, గాలి లేక, నీళ్లు అద్దంలా ఉన్న రోజయితే ఇంకా కష్టం.

మందు: ఆ చోటు గుర్తు పెట్టుకుని వెళ్లిపోండి. వెంటనే ఇంకో నాలుగు లూర్లు దాని నెత్తిన వేయకండి. గంటన్నర తర్వాత గానీ, పొద్దు వాలేటప్పుడు గానీ తిరిగొచ్చి, గోలీలు లేని చెక్క గ్లైడ్ బెయిట్ వేయండి. చిన్నగా కుదిపి, దారం వదులు చేస్తే అది ఎడమకి జారి, ఆగి, కుడికి జారుతుంది. పోయిన జూలైలో నాకు ఒకే చేప బ్లేడుల వెనక రెండుసార్లు వచ్చి పోయింది. సాయంత్రం గ్లైడ్ ఆగిన క్షణంలో తెల్లటి నోరు తెరుచుకోవడం కళ్లతో చూశాను. మౌనమే పట్టించిందా, సాయంత్రమే పట్టించిందా అంటే ఒట్టేసి చెప్పలేను. రెండూ కలిపి వాడుతున్నాను.

సమస్య: సైలెంట్ లూరే వేశాను, అయినా అంతే

అది సైలెంటని ఎవరు చెప్పారు? చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడండి. లోపల గోలీలు లేకపోయినా మూడు కొక్కేల గాలాలు ఒంటికి తగిలి టకటకమంటాయి, వాటిని లూర్‌కి తగిలించే స్ప్లిట్ రింగులు కిరకిరమంటాయి. గాలం కాడకి ఎలక్ట్రీషియన్లు వైర్లకు తొడిగే హీట్ ష్రింక్ గొట్టం ముక్క తొడిగి లైటర్ సెగ చూపిస్తే బిగుసుకుంటుంది, తాకిడి మెత్తబడుతుంది. గోలీలున్న ప్లాస్టిక్ లూర్‌కి సన్నటి బెజ్జం వేసి, గోలీలను ఒక మూలకి చేర్చి జిగురు పోసినా నోరు మూస్తుంది. కాకపోతే బరువు ఒక పక్కకి ఒరిగి నడక చెడవచ్చు, ఒకదాని మీద చేసి చూశాకే మిగతావాటి జోలికి వెళ్లండి.

లూర్‌లో ఏమీ లేకపోతే పడవలో చూడండి. నీళ్లలో చప్పుడు సెకనుకి దాదాపు 1,500 మీటర్లు పరిగెడుతుంది, గాలిలో కన్నా నాలుగింతలకు పైగా వేగం. అల్యూమినియం అడుగు మీద పటకారు జారిపడితే సరస్సు డోలు వాయించినట్టే. మా పడవలో ముద్దాయి పటకారు కూడా కాదు, పులిహోర తెచ్చిన స్టీలు డబ్బా. ఇప్పుడు అడుగున రబ్బరు చాప పరిచాం, డబ్బా ప్లాస్టిక్‌కి మారింది. పడవను మెల్లగా జరిపే చిన్న కరెంటు మోటారు, ట్రోలింగ్ మోటారుని కూడా మాటిమాటికీ ఆపి వేయడం కన్నా తక్కువ వేగంలో అలాగే నడవనివ్వడం మేలు.

సమస్య: రాత్రి పైనీటి లూర్ మీద భళ్లున పడుతుంది, గాలానికి మాత్రం తగలదు

చీకట్లో అది చప్పుడుని బట్టి గురి చూస్తుంది. మీరు ఆపుతూ, కుదుపుతూ లాగితే గురి తప్పుతుంది. తోక తిరిగే ప్రొపెల్లర్ లూర్‌ని నిదానంగా, ఒకే లయలో రప్పించండి. రెండో తప్పు మన చేతిది. నీళ్లు పగిలిన చప్పుడు వినగానే రాడ్ ఎత్తేస్తాం. మన చెరువుల్లో రబ్బరు కప్పతో కొర్రమీను పట్టినవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు, గుబుక్కుమనగానే లాగితే కప్ప ఒక్కటే మొహం మీదికి ఎగిరొస్తుంది. బరువు చేతికి తెలిసిందాకా చుడుతూనే ఉండి, అప్పుడు గట్టిగా కొట్టండి.

శీతాకాలం ముంచుకొచ్చి నీళ్లు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగితే ఈ తర్జనభర్జన అంతా పక్కన పెట్టి, పెద్ద రబ్బరు లూర్‌ని నెమ్మదిగా లాగి దించుతూ పోతే చాలు. ఎండాకాలం పైనీళ్లు 80 దాటితే మాత్రం ఏ లూరూ వేయకండి. ఆ వేడిలో పోరాడిన మస్కీ, చక్కగా వదిలేసినా, తర్వాత ఎక్కడో చచ్చి తేలవచ్చు. ఆ వారం పిల్లల్ని తీసుకెళ్లి సన్‌ఫిష్ అనే చిన్న చేపలు పట్టించండి, వానపాము చాలు.