సరిహద్దు దాటి నేల కొనే ముందు

నాలుగైదు కుటుంబాలు కలిసి ఉద్యోగాలు వదిలేసి, పండించుకుని తింటూ బతుకుదామని ఒడిశాలోని మా పర్లాకిమిడి, గుణుపురం వైపు నేల చూసుకోవడానికి వచ్చేవాళ్లున్నారు. మహారాష్ట్రలోని సిరొంచ, చంద్రపూర్ వైపు వెళ్లేవాళ్లూ ఉన్నారు. తెలుగు మాట్లాడితే పని జరిగిపోతుంది, కొండా ఏరూ పక్కనే ఉంటాయి. కాకపోతే చాలామంది వచ్చేది డిసెంబరు, జనవరి నెలల్లో. అప్పుడు ఇక్కడ ఏ నేల చూసినా ముచ్చటగానే ఉంటుంది. చూడండి గానీ, ఆ నెలల్లో అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.

నేల కంటే ముందు చట్టం చూడాలి. ఒడిశాలో కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, నబరంగ్‌పూర్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే మన ఏజెన్సీ లాంటిది. గజపతి జిల్లాలో కొంత భాగమే. ఈ ప్రాంతంలో గిరిజనుల భూమి చేతులు మారడం మీద 1956 నాటి రెగ్యులేషన్ 2 అమల్లో ఉంది. మన ఏజెన్సీలోని 1/70 భూచట్టం గిరిజనేతరుల మధ్య అమ్మకాలను కూడా ఆపుతుంది, ఇది ఆపదు. గిరిజనుల భూమి గిరిజనేతరులకు వెళ్లే దారిని మాత్రం 2002 సవరణతో మూసేశారు. 2023లో ఆ నిబంధన సడలిస్తామని అప్పటి ప్రభుత్వం చెప్పి, గొడవ కావడంతో వెనక్కి తగ్గింది. ఆ కబురు పట్టుకుని 'చట్టం మారిందండీ' అని ఏ బ్రోకరైనా అంటే నమ్మకండి. 'పట్టా మా గిరిజన పాలేరు పేరున ఉంటుంది, సాగు మీరు చేసుకోండి' అనే బేరం ఇంకా చెడ్డది. డబ్బు పోయే సంగతి అటుంచితే, అలా మొదలైన గుంపుకి ఊళ్లో మంచినీళ్లు కూడా పుట్టవు. పుట్టకూడదు కూడా.

అమ్మేవాడు గిరిజనేతరుడైనా పని అయిపోలేదు. ఒడిశా భూరికార్డుల సైటు భూలేఖ్‌లో ఇప్పటి పేరు కనిపిస్తే చాలదు, అంతకు ముందు ఎవరిదో తహసీల్ ఆఫీసులో పాత రికార్డు తీయించండి. అది గిరిజనుల చేతినుంచి అక్రమంగా మారిందని తేలితే భూమి తిరిగి వాళ్లకే వెళ్తుంది. రికార్డులో కిసమ్ (నేల రకం) గడిలో జంగిల్ (అడవి) అనో గోచర్ (పశువుల మేతభూమి) అనో ఉంటే ఇక బేరం అక్కర్లేదు.

మహారాష్ట్రలో సాగుభూమి మామూలుగా రైతులే కొనాలి. మీరు రైతని కాగితం చూపించాలి, లేదా అనుమతి తెచ్చుకోవాలి. సాత్‌బారాలో, అంటే అక్కడి 7/12 భూమి పత్రంలో, 'భోగవటాదార్ వర్గ్-2' (రెండో తరగతి హక్కుదారు) అని ఉంటే ప్రభుత్వ అనుమతి లేకుండా అమ్మడానికి లేదు. విస్తీర్ణం హెక్టార్లు, ఆర్లలో రాస్తారు. ఒక ఆర్ దాదాపు రెండున్నర సెంట్లు.

రెండు రాష్ట్రాలు మాదంటే మాదంటున్న ఊళ్ల జోలికి వెళ్లకండి. ఒడిశా, ఆంధ్ర మధ్య కొటియా ఊళ్లు అలాంటివి, మహారాష్ట్ర, తెలంగాణ మధ్య జీవతి తాలూకాలో 14 గ్రామాలు అలాంటివి. రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉంటాయంటే వినడానికి బాగానే ఉంటుంది, భూమి తగాదా వస్తే ఏ కోర్టు మెట్లెక్కాలో తేలదు.

ఇక నీళ్లు. ఆగస్టులో ఒకసారి, మే నెలలో ఒకసారి అదే నేలకి వెళ్లి చూడాలి. సిరొంచ చుట్టూ ప్రాణహిత, గోదావరి, ఇంద్రావతి ఉన్నాయి, 2022 జులై వరదలో ఆ ఒడ్డు ఊళ్లు మునిగాయి. పైన భామరాగడ్ దగ్గర పర్లకోట వాగు పొంగితే వంతెన మునిగి వెనకున్న ఊళ్లకి దారి ఉండదు. ఒడిశా కొసన మోటు శబరి, సీలేరు కలిసే చోట ఉంది. ఎవరినీ అడక్కుండానే కొంత తెలుస్తుంది. ముళ్లకంచెలో నడుమెత్తున ఎండుగడ్డి, పాలిథిన్ ముక్కలు చిక్కుకుని ఉన్నాయా? చెట్ల మొదళ్ల మీద బురద చార ఎంత ఎత్తులో ఉంది? పాత ఇళ్ల అరుగులకి నాలుగేసి మెట్లుంటే అది షోకు కోసం కట్టింది కాదు.

వరద భయంతో మరీ కొండవాలు ఎక్కేయకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ వానలకి గజపతి జిల్లా బరఘరలో కొండ జారి పదిమందికి పైగా చనిపోయారు. పాత ఊరు ఏ మెట్టమీద ఉందో ఆ మెట్టే మీకూ మంచిది.

మేలో బావిలో నీళ్లెంతున్నాయో చూసి, తాగునీరు పరీక్ష చేయించండి. యవత్‌మాల్, చంద్రపూర్, నాందేడ్ బోర్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంది, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. మల్కన్‌గిరి, గడ్చిరోలిలో మలేరియా ఎక్కువ, దోమతెర కట్టుకుని మంచం మీదే పడుకోండి. కట్లపాము కాటు తప్పించుకోవడానికీ అదే దారి. విరుగుడు ఇంజెక్షన్ ఏ ఆస్పత్రిలో ఉంటుందో, వానల్లో అక్కడికి దారి ఉంటుందో లేదో ముందే కనుక్కోండి.

కలిసి బతికి నిలదొక్కుకున్నవాళ్లని చూడాలంటే గజపతిలోనే చంద్రగిరి ఉంది. 1963లో టిబెటన్లకి అక్కడ ప్రభుత్వమే భూమి ఇచ్చింది. మొక్కజొన్న పండిస్తారు, అయినా చలికాలంలో పట్నాలకి స్వెట్టర్లు అమ్ముకోవడానికి వెళ్తారు. మీ లెక్కలోనూ బయటి ఆదాయం ఏదో ఒకటి ఉండాలి. ఉప్పు, నూనె, ఫీజులు పొలంలో పండవు. పిల్లలు ఒడియాలోనో మరాఠీలోనో చదవాలి, దానికి వాళ్లు సిద్ధమేనా అని వాళ్లనే అడగండి.

ఒక ఏడాది దగ్గరి టౌన్లో ఇల్లు అద్దెకి తీసుకుని అందరూ కలిసి ఉండి చూడండి. వంటింటి దగ్గర సగం గుంపులు విడిపోతాయి, అదేదో అద్దె ఇంట్లోనే జరిగితే నష్టం తక్కువ. ఎవరైనా వెళ్లిపోతే వాళ్ల వాటా ఎంతకి, ఎన్నాళ్లలో, ఎవరు తీర్చాలో కాగితం రాసుకోండి. అందరి సంతకాలూ పడ్డాకే సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లండి.