పెన్న ఒడ్డున రెండు చేతుల ఫ్లై రాడ్: ముందు గాలి చూడండి, తర్వాతే విసరండి

ఫ్లై రాడ్ అంటే లైన్ (దారం) బరువుతోనే తేలికపాటి ఎరని విసిరి చేపలు పట్టే గాలపు కర్ర. ఒంటిచేతి ఫ్లై రాడ్‌తో విసరాలంటే మీ వెనక చాలా ఖాళీ ఉండాలి, ఎందుకంటే లైన్ మొత్తం వెనక్కి చాచుకున్నాకే ముందుకి వెళ్తుంది. మన ఏటి గట్ల మీద ఆ ఖాళీ ఎక్కడుంది? వెనక తుమ్మ చెట్టో సర్కారు కంపో ఉంటుంది. స్కాట్లాండ్‌లో స్పే నది ఒడ్డున కూడా ఇదే ఇబ్బంది, అక్కడ పుట్టిన పద్ధతి కాబట్టే స్పే కాస్ట్ (కాస్ట్ అంటే విసురు) అన్నారు, రెండు చేతుల రాడ్ దీనికే. ఇందులో లైన్ పూర్తిగా వెనక్కి పోదు. కొస నీళ్లను పట్టుకుని ఉంటుంది, మిగతాది మీ పక్కన పొట్టలా వంగుతుంది, అక్కడి నుంచే ముందుకి దూకుతుంది.

రాడ్ గురించి ఎక్కువ ఆలోచించకండి. ఏటికి 12 నుంచి 13 అడుగులు, 7 వెయిట్ (ఎంత బరువు లైన్ పడుతుందో చెప్పే నంబర్) చాలు. పండుగప్ప కోసం సముద్రపు మొగ దగ్గరికి వెళ్లేవాళ్లు 8 లేదా 9 తీసుకోండి.

అసలు జాగ్రత్త లైన్ దగ్గర కావాలి. 7 అనే నంబర్ రెండు రకాల రాడ్ల మీదా ఉంటుంది కానీ ఆ రెండు ఏడులూ ఒకటి కావు. ఒంటిచేతి 7 వెయిట్ లైన్ మొదటి 30 అడుగులు 185 గ్రెయిన్లు, అంటే 12 గ్రాములు. రెండు చేతుల 7 రాడ్‌కి స్కాజిట్ అనే రకం హెడ్ (లైన్ ముందుండే బరువైన భాగం) 500 గ్రెయిన్ల దాకా, అంటే 32 గ్రాములు పడుతుంది. నంబర్ చూసి పాత లైన్ ఎక్కిస్తే రాడ్ వంగనే వంగదు, మీరేమో బలం చాలలేదనుకుని ఇంకా గట్టిగా విసిరి భుజం పాడు చేసుకుంటారు. రాడ్ మీద ఎన్ని గ్రెయిన్లు రాసి ఉంటే ఆ లోపలే కొనండి. స్కాజిట్ హెడ్ పొట్టిగా లావుగా ఉంటుంది, బరువైన ఎరని, లైన్ కొసకి కట్టే మునిగే ముక్కని (టిప్) లేపుతుంది. స్కాండి హెడ్ అంతకంటే పొడుగు, సన్నం; దానికి పొడవాటి లీడర్ (లైన్‌కీ ఎరకీ మధ్య ఉండే సన్నని దారం) కట్టి తేలికపాటి ఎర వేయాలి. కొత్తవాళ్లకి నేనైతే స్కాజిట్టే చెప్తాను, చిన్న చిన్న తప్పులుంటే అది సర్దుకుంటుంది.

ఇప్పుడు గాలి. లైన్ ఎప్పుడూ గాలి పోయే వైపున ఉండాలి, గాలి వచ్చే వైపున ఉంటే హుక్ నేరుగా మీ మొహం మీదికి వస్తుంది. పెన్న పడమర నుంచి తూర్పుకి పారుతుంది. సాయంత్రం సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తుంది, అంటే ఏటికి ఎదురుగా. కుడిచేతివాళ్లు అప్పుడు కోవూరు వైపు (ఉత్తరపు) ఒడ్డున నిలబడితే హాయి, ఎందుకంటే అక్కడ ఎగువ మీకు కుడి వైపు ఉంటుంది. పారే నీళ్లు లైన్‌ని ఎడమకి చాచి పెడతాయి. రాడ్ కొన కిందికి పెట్టి మెల్లగా భుజం ఎత్తుకి లేపండి, కుడివైపుకి తిప్పండి, లైన్ కొస మీకు కుడి ముందు ఒక రాడ్ దూరంలో నీళ్ల మీద వాలాలి. దీన్నే యాంకర్ అంటారు, ఈ కాస్ట్ సింగిల్ స్పే. పడమర గాలి తోలే రోజుల్లో నెల్లూరు వైపు (దక్షిణపు) ఒడ్డుకి రండి. ఇక్కడ దిగువ మీ కుడి. డబుల్ స్పే వేయండి: రాడ్‌ని ముందు ఎగువకి, అంటే ఎడమకి తెచ్చి లైన్‌ని నీళ్ల మీద పరిచి, కొస మీ కుడి ముందరే ఉండేలా చూసుకుని, మళ్లీ కుడికి ఊడ్చినట్టు తిప్పండి.

రెండింటికీ ముగింపు ఒకటే. కుడి చెయ్యి పైన, ఎడమ చెయ్యి కింది పిడి చివర. తొందరపడకుండా పొట్ట పూర్తిగా ఏర్పడనిచ్చి, కింది చేతిని మీ కడుపు వైపు లాగండి, పై చెయ్యి దారి చూపిస్తే చాలు. చాలామంది పై చేత్తో తోస్తారు, అందుకే లైన్ ముందు కుప్పగా పడుతుంది. ఇంకోటి, యాంకర్ మీరు విసరబోయే దిక్కుకి సమాంతరంగా పడాలి. అడ్డంగా పడితే లైన్ మీద లైన్ పడి చిక్కుపడుతుంది, అలాంటప్పుడు ఆ విసురు వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి.

సాధన పచ్చిక మీద కుదరదు, నీళ్ల పట్టు ఉండాలి. హుక్ తీసేసి ఎర్ర ఊలు ముక్క కట్టి చెరువులో మొదలుపెట్టండి, కానీ కదలని నీళ్లు లైన్‌ని చాచవు కాబట్టి ప్రతిసారీ ముందు ఓ చిన్న రోల్ కాస్ట్‌తో (లైన్‌ని వెనక్కి ఎగరేయకుండా ముందుకి దొర్లించే విసురుతో) చాచుకోవాలి.

కొత్తపట్నం బీచ్‌లో ఈ స్పే పని చేయదు, అల యాంకర్‌ని ఈడ్చుకుపోతుంది. అక్కడ అదే రాడ్‌తో తల మీదుగా విసరండి, వెనక మనుషులు లేరని ప్రతిసారీ తిరిగి చూసుకోండి, ఇంటికొచ్చాక రీల్‌నీ గైడ్‌లనీ (రాడ్ మీద లైన్ దూరే రింగులు) మంచినీళ్లతో కడగండి. స్పే విసుర్ల మెలికకి రాడ్ జాయింట్లు వదులవుతాయి, అందుకని ఎలక్ట్రికల్ టేప్ చుట్టండి. ఏట్లో దిగేవాళ్లు మాత్రం సోమశిల డ్యామ్ నుంచి నీళ్లు వదులుతున్నారేమో ముందు కనుక్కోండి, ఇసుక తవ్విన గుంటలు పైకి కనపడవు, కర్రతో పొడిచి చూడకుండా మోకాలు దాటి అడుగు వేయకండి.