హోమ్ స్టూడియోలో ఫోమ్ అతికించే ముందు కుర్చీ జరపండి

కొత్తగా స్టూడియో పెట్టుకున్నవాళ్ల గదిలోకి వెళ్తే దాదాపు ప్రతిసారీ ఇదే చూస్తుంటాను. గోడల నిండా నల్లటి ఫోమ్ ముక్కలు, ముళ్లపంది వీపులా. చప్పట్లు కొట్టి చూపిస్తారు. ఎకో లేదు, మొహంలో వెలుగు. తర్వాత వాళ్ల మిక్స్ (ట్రాకులన్నీ కలిపి తయారుచేసిన పాట) కారులో పెడితే బాస్ అంతా బురద బురదగా ఉంటుంది. "మానిటర్లు మార్చాలేమో" అంటారు. మానిటర్లంటే స్టూడియో స్పీకర్లు, వాటి తప్పేమీ లేదండీ.

10,000 హెర్ట్జ్ కీచు శబ్దం తరంగం పొడవు మూడున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. దాన్ని పలచటి ఫోమ్ మింగేస్తుంది. అదే 100 హెర్ట్జ్ బాస్ అయితే దాదాపు 3.4 మీటర్లు. దానికి అంగుళం ఫోమ్ అడ్డం పెట్టడం ఏనుగుకు దోమతెర కట్టినట్టే. హై ఫ్రీక్వెన్సీలు మాత్రం చచ్చి బాస్ అలాగే ఉండిపోతే, గది అంతకు ముందుకన్నా పాడైనట్టే లెక్క.

ఇంకోమాట. ఇక్కడ చెప్పేది గదిలోపలి సౌండ్‌ని సరిచేయడం గురించి. పక్కింటి కుక్క అరుపు మైక్‌లో పడకుండా ఆపడం సౌండ్‌ప్రూఫింగ్, అది పూర్తిగా వేరే పని.

కావలసినవి

ఘనమీటరుకు 48 నుంచి 60 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వుల్ (రాతి పీచు) పలకలు, చెక్క ఫ్రేములు, పైన చుట్టడానికి గుడ్డ. గుడ్డని నోటికి అడ్డం పెట్టుకుని ఊదండి, ఊపిరి సులువుగా అవతలికి పోతే పనికొస్తుంది. ప్యానెల్ మందం 10 సెంటీమీటర్లకు తగ్గొద్దు. రాక్‌వుల్ కోసేటప్పుడు మాస్క్, గ్లవ్స్, నిండు చేతుల చొక్కా ఉండాలి. లేకపోతే ఆ దురద రెండు రోజులు వదలదు.

కోడిగుడ్ల అట్టలు మాత్రం వద్దు. 1895లో హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ అనే ఆయన, మాటలు అర్థంకాని ఒక ఉపన్యాస మందిరాన్ని బాగుచేయడానికి పక్క థియేటర్ నుంచి సీటు మెత్తలు మోయించి తెచ్చి పరిచాడు. ఎన్ని పరిస్తే ప్రతిధ్వని ఎంతసేపట్లో ఆగుతుందో రాత్రిళ్లు గడియారం పెట్టి కొలిచాడు. ఆ లెక్కే ఇప్పటికీ వాడుతున్నాం. మెత్తలు పనిచేసింది వాటిలో మందమైన దూది లాంటి సరుకు ఉండబట్టి. గుంటలు గుంటలుగా ఉన్న పలచటి అట్టలో ఆ సరుకేదీ?

డెస్క్ ఎటువైపు

పొడవాటి గదైతే పొట్టి గోడ వైపు తిరిగి కూర్చోండి. ఎడమ గోడ ఎంత దూరమో కుడి గోడా అంతే దూరం. రెండు స్పీకర్లు, మీ తల కలిసి సమబాహు త్రిభుజం కావాలి. ట్వీటర్లు (స్పీకర్‌లో హై పలికే చిన్న భాగాలు) చెవి ఎత్తులో ఉండాలి. అంతే.

కుర్చీ ఎక్కడ

అందరూ పాడుచేసేది ఇక్కడే. దీనికి ఒక రోజంతా కేటాయించండి.

రెండు ఎదురెదురు గోడల మధ్య కొన్ని తక్కువ ఫ్రీక్వెన్సీలు ఇరుక్కుపోయి అక్కడే నిలబడి ఊగుతుంటాయి. గది పొడవు 4 మీటర్లు అయితే మొదటిది దాదాపు 43 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. అది గోడల దగ్గర ఉరుముతుంది, సరిగ్గా గది మధ్యలో మాయమవుతుంది. అంటే వెనక గోడకు ఆనుకుని కూర్చున్నవాడికి లేని బాస్ వినిపిస్తుంది, నడిమధ్య కూర్చున్నవాడికి ఉన్న బాస్ వినిపించదు. నేను చాలాకాలం నడిమధ్యే కూర్చున్నాను. ప్రతి మిక్స్‌లో బాస్ పెంచుకుంటూ పోయాను. బయట ఎక్కడ వినిపించినా కిటికీలు అదిరేవి. తప్పు చేతిదో చెవిదో అనుకున్నాను తప్ప కుర్చీదని తట్టలేదు.

ఎదుటి గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరంలో మొదలుపెట్టండి. 4 మీటర్ల గదికి దాదాపు మీటరున్నర. చాలామంది అక్కడ కుర్చీ వేసి పని అయిపోయిందనుకుంటారు. కాదు. అది వెతకడం మొదలుపెట్టే చోటు మాత్రమే.

ఇప్పుడు 40 నుంచి 200 హెర్ట్జ్ దాకా సైన్ టోన్‌ని (ఒక్కసారికి ఒకే ఫ్రీక్వెన్సీ పలికే శబ్దం) మెల్లగా పైకి జరుపుతూ వినండి. వాల్యూమ్ ముట్టుకోవద్దు. ఎక్కడ హఠాత్తుగా సౌండ్ పడిపోతుందో రాసుకోండి. కుర్చీ 10 సెంటీమీటర్లు జరపండి. త్రిభుజం చెడకుండా స్పీకర్లనీ సర్దండి. మళ్లీ వినండి, మళ్లీ రాయండి. కొలిచే మైక్ ఉంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, మైక్‌ని చెవి ఉండే చోట నిలబెట్టి గ్రాఫ్ తీయండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. కుర్చీ, స్పీకర్లు, ప్యానెల్ అన్నీ కలిపి జరిపేస్తే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి.

గ్రాఫ్‌లో అందరి కళ్లూ కొండల మీదే, అంటే సౌండ్ పెరిగిన చోట్ల మీదే పడతాయి. మీరు లోయలు, అంటే సౌండ్ పడిపోయిన చోట్లు చూడండి. కొండని ఈక్యూతో (ఫ్రీక్వెన్సీలని విడివిడిగా పెంచి తగ్గించే సాధనం) కొంత తగ్గించుకోవచ్చు. లోయ అంటే నేరుగా వచ్చే శబ్దాన్ని గోడకు తగిలి వచ్చే శబ్దం కొట్టేయడం. అక్కడ ఈక్యూ పెంచితే రెండూ కలిసే పెరుగుతాయి, మళ్లీ కలిసే చస్తాయి. మిగిలేది స్పీకర్‌కి శ్రమ. "సాఫ్ట్‌వేర్ కరెక్షన్ వేశాను కదా" అనేవాళ్లకి ఈ ఒక్క ముక్క చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

స్పీకర్ వెనక గోడ కూడా ఇదే పని చేస్తుంది. కోన్ (స్పీకర్‌లో ఊగే గరాటు లాంటి పొర) నుంచి ఆ గోడకు మీటరు దూరం ఉంటే 86 హెర్ట్జ్ దగ్గర లోయ పడుతుంది. కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) బలం చాలావరకు ఉండేది ఆ చుట్టుపక్కలే. స్పీకర్‌ని గోడకు దగ్గరగా నెట్టి ఆ దూరం 40 సెంటీమీటర్లు చేస్తే లోయ 214 హెర్ట్జ్‌కి ఎగబాకుతుంది, అక్కడ మందపాటి ప్యానెల్‌కి కాస్త చేతనవుతుంది. గోడ దగ్గర బాస్ పెరుగుతుంది కాబట్టి మానిటర్ వెనక స్విచ్‌తో తగ్గించుకోవాలి. "స్పీకర్ గోడకు దూరంగా ఉండాలి" అనే సలహా పెద్ద హాళ్లకు సరిపోవచ్చు. చిన్న గదిలో నేను దగ్గరికే నెడతాను.

మూలలు

గదిలో నిలబడే ప్రతి బాస్ తరంగం ఒత్తిడీ మూలల్లో పోగవుతుంది. కాబట్టి మొదటి రాక్‌వుల్ అక్కడికే పోవాలి. 60 సెంటీమీటర్ల వెడల్పు ప్యానెల్‌ని మూలకు అడ్డంగా, నేల నుంచి సీలింగ్ దాకా నిలబెట్టండి. సరుకు మిగిలితే వెనక ఖాళీ కూడా నింపేయండి. గదికి మూలలు నాలుగే అనుకోకండి, గోడా సీలింగూ కలిసే చోట్లూ మూలలే.

గోడలు, సీలింగ్

మీరు కుర్చీలో కూర్చోండి, స్నేహితుడు గోడ వెంట అద్దం జరుపుతాడు. అద్దంలో స్పీకర్ కనబడిన చోటల్లా ప్యానెల్. తల పైన సీలింగ్‌కి కూడా ఒకటి. గోడకు అంటించకుండా వెనక 10 సెంటీమీటర్ల ఖాళీ వదిలితే ఇంకా కింది ఫ్రీక్వెన్సీల దాకా పనిచేస్తుంది. వెనక గోడకు మీ దగ్గరున్న అన్నిటికన్నా మందమైనది పెట్టండి. చిన్న గదిలో డిఫ్యూజర్లు (శబ్దాన్ని మింగకుండా చెల్లాచెదురు చేసే పలకలు) నాకు నచ్చవు.

పాట రికార్డ్ చేసేటప్పుడు

మైక్ వెనక వంపు తిరిగిన షీల్డ్ బిగించి గాయకుడి వెనక బోడి గోడ వదిలేస్తారు. కార్డియాయిడ్ మైక్ వెనకవైపు నుంచి వచ్చేది పెద్దగా వినదు, ఎదురుగా వచ్చేదే వింటుంది. కాబట్టి మందపాటి ప్యానెల్ గాయకుడి వీపు వెనక ఉండాలి.

గోడకు రంధ్రాలు మాత్రం ఇప్పుడే చేయకండి. ప్యానెల్స్ కుర్చీలకూ స్టాండ్లకూ ఆనించి వారం పాటు మిక్స్ చేయండి, మళ్లీ టోన్ నడిపి పాత కాగితం పక్కన పెట్టి చూసుకోండి. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి జరుపుతారు. జరపడం ఆగాక డ్రిల్ తీయండి.