సంక్రాంతి రిలీజ్‌కు ముందు థ్రెడ్ల జాగ్రత్తలు

దుకాణాల్లో వాడే బిల్లింగ్ మెషిన్లకు సాఫ్ట్‌వేర్ రాస్తాం మేము, బెంగళూరులో. లోపలుండేది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ లైబ్రరీ. ఒకే ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనులే థ్రెడ్లు. మామూలు రోజుల్లో నిద్రపోయే థ్రెడ్ బగ్గు, పండగ ముందు బిల్లు మీద బిల్లు కొడుతుంటే లేచి కూర్చుంటుంది. అప్పటికి టీమంతా మడివాళలో ఊరి బస్సెక్కేసి ఉంటుంది. అందుకే ఈ పనులు ఇప్పుడే చేసుకోండి.

ఫీల్డులో డేటా తేడా వచ్చిందంటే ముందు సాక్ష్యం దాచండి. యాప్‌ను మామూలు పద్ధతిలో మూయొద్దు. చివరి కనెక్షన్ సవ్యంగా మూసుకుంటే వాల్ ఫైలు (కొత్త రాతలు ముందుగా పడే పక్క ఫైలు) అసలు ఫైల్లో కలిసిపోయి, చెరిగిపోతుంది. ప్రాసెస్‌ను కిల్ చేసి, డేటాబేస్‌నూ వాల్ ఫైలునూ కలిపి కాపీ తీయండి.

తర్వాత, కోడ్ నిండా ప్రింట్లు పెట్టకండి. ప్రింట్ పడగానే థ్రెడ్ల వేగం మారి బగ్గు కనబడదు. మా కుర్రాళ్లు "పోయిందన్నా" అన్నారు ఒకసారి. పోలేదు.

అప్పుడు జరిగింది ఇది. రెండు థ్రెడ్లు ఒకే కనెక్షన్ వాడుతున్నాయి. ఎస్‌క్యూలైట్ డిఫాల్ట్‌గా సీరియలైజ్డ్ మోడ్‌లో ఉంటుంది కదా, అంటే ఒక కనెక్షన్ మీద ఒకసారికి ఒకే కాల్ నడుస్తుంది, భయం లేదనుకున్నాం. ఆ మోడ్ ఒక్కో కాల్‌ను కాపాడుతుంది గానీ, రెండు కాల్స్ మధ్య సందును కాదు. మొదటి థ్రెడ్ బిల్లు ఇన్సర్ట్ చేసి, చివరి రో ఐడీ (చివరగా చేరిన వరుస నంబరు) అడిగేలోపు రెండోది లాగ్ రో ఇన్సర్ట్ చేసింది. మొదటిదాని చేతికి లాగ్ నంబరు వచ్చింది, దాన్నే బిల్లు నంబరనుకుంది. ఒకరు కొన్న కందిపప్పు ఇంకొకరి బిల్లులో చేరింది! ఆ రెండు కాల్స్ మధ్య కావాలని చిన్న స్లీప్ పెట్టాక, వారాలకోసారి వచ్చేది నిమిషాల్లో దొరికింది. థ్రెడ్‌కొక కనెక్షన్ ఇస్తే తీరిపోయింది. మీకు అనుమానమున్న ప్రతి సందులోనూ ఇలాగే స్లీప్ పెట్టి చూడండి.

లైబ్రరీ ఎలా కంపైలయిందో కూడా చూడండి. థ్రెడ్‌సేఫ్ సెట్టింగు 0 అని ఉంటే మ్యూటెక్సులే (థ్రెడ్లు ఒకదాని పనిలో ఒకటి దూరకుండా వేసే తాళాలు) ఉండవు. చదవడంతో మొదలై మధ్యలో రాతకు దిగే ట్రాన్సాక్షన్లను బిగిన్ ఇమ్మీడియట్‌తో (రాత తాళాన్ని మొదట్లోనే తీసుకునే కమాండ్) మొదలుపెట్టండి. వాల్ మోడ్‌లో ఈలోపు ఇంకొకరు రాసేస్తే, టైమవుట్ ఎంత పెట్టినా బిజీ ఎర్రర్ వెంటనే వచ్చేస్తుంది.

బ్యాకప్ కోడ్ మీద నాకు అన్నిటికంటే భయం. లినక్స్‌లో అదే ప్రాసెస్ డేటాబేస్ ఫైలును మామూలుగా తెరిచి మూస్తే, ఆ ఫైలుపై ప్రాసెస్‌కున్న తాళాలన్నీ ఊడిపోతాయి. ఎర్రర్ ఏమీ రాదు. ఫైలు మాత్రం పాడవ్వచ్చు. ఎస్‌క్యూలైట్ సొంత బ్యాకప్ ఏపీఐ వాడండి, లేదా 2019లో 3.27 వెర్షన్‌తో వచ్చిన వాక్యూమ్ ఇంటూ కమాండ్ వాడండి.

థ్రెడ్ల మధ్య గొడవలు పట్టిచ్చే థ్రెడ్ శానిటైజర్ అనే సాధనాన్ని బిల్లింగ్ మెషిన్‌లో కాక ల్యాప్‌టాప్‌లో నడపండి. వేగం 5 నుంచి 15 రెట్లు తగ్గుతుంది, మెమరీ 5 నుంచి 10 రెట్లు తింటుంది. ఎస్‌క్యూలైట్ సోర్సును కూడా దానితోనే కంపైల్ చేయండి. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు మొదలుపెట్టి, పొద్దున వచ్చాక రిపోర్టు మొత్తం చదవండి.