సివిలైజేషన్ 5: కంప్యూటర్ రాజుల ఖజానా మన జేబులోకి

సివిలైజేషన్ 5 అంటే రాజ్యాన్ని కట్టి నడిపే కంప్యూటర్ ఆట. దాని అదనపు ప్యాక్ బ్రేవ్ న్యూ వరల్డ్ ఉన్న ఆట, స్టాండర్డ్ స్పీడ్‌కి ఈ లెక్కలు. పట్టు, వైన్ లాంటి విలాస వస్తువు మొదటి కాపీకే మీ ప్రజలకు 4 సంతోషం పాయింట్లు ఇస్తుంది. రెండోది మీకు దండగ, అది లేని, కంప్యూటర్ ఆడించే రాజుకు మాత్రం బంగారమే. అందుకే రెండో కాపీ దొరికిన టర్న్‌లోనే అమ్మేయండి.

ఆ రాజుతో స్నేహ ప్రకటన (Declaration of Friendship) ఉంటే 240 గోల్డ్ ఒకేసారి అడగండి. లేకపోతే మొత్తంగా ఇవ్వరు, టర్న్‌కు 7 దాకా రాబట్టవచ్చు. ఒప్పుకోకపోతే ఒక్కొక్కటి తగ్గిస్తూ పోండి. బేరం కుదరడం లేదంటే సాధారణంగా ఇవే కారణాలు: వాడి దగ్గర ఆ వస్తువు ఉంది, ఖజానా ఖాళీ, లేదా మీరంటే గిట్టదు.

ఒప్పందం 30 టర్న్‌లు. గడువు టర్న్ రాసిపెట్టుకోండి, మర్చిపోతే సరుకు ఊరికే పడి ఉంటుంది. యుద్ధమొస్తే టర్న్‌వారీ రాబడి ఆగిపోతుంది, ఒకేసారి తీసుకున్న 240 మాత్రం మీదే. కనుక తగాదాకోరు రాజుతో స్నేహం ఉన్నప్పుడే ముందే డబ్బు గుంజడం మేలు. ఇనుము, గుర్రాలు మాత్రం సరిహద్దు పొరుగువాడికి అమ్మకండి. ఆ కత్తులు మీ ఊరిమీదికే వస్తాయి.