చపాతీ గట్టిపడుతోందా? సోయా పిండితో సరిచేయండి

సమస్య: పొద్దున చేసిన చపాతీ మధ్యాహ్నానికి అట్టలా బిగుసుకుపోతోంది.

నూనె తక్కువైందని చాలామంది ఇంకాస్త పోస్తారు. అసలు కారణం గోధుమలోని పిండిపదార్థం. పెనం మీద నీటిని పీల్చుకుని మెత్తబడిన ఈ పదార్థం, చల్లారేకొద్దీ ఆ నీటిని వదిలి మళ్లీ గట్టిగా అల్లుకుంటుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇది మరింత వేగంగా జరుగుతుంది కాబట్టి మిగిలిన చపాతీలను అందులో పెట్టకపోవడమే మేలు.

పరిష్కారం: 90 గ్రాముల గోధుమపిండికి 10 గ్రాముల సోయా పిండి కలపండి. నూనె తీసిన సోయా పిండిలో దాదాపు సగం ప్రోటీనే ఉంటుంది. అది తేమను పట్టి ఉంచి, ఆ అల్లికను నెమ్మదింపజేస్తుంది. అయితే సోయా నీళ్లు ఎక్కువ తాగుతుంది. ఈ ఒక్క సంగతి మరిచిపోవడం వల్లే చాలామంది చపాతీలు ఇంకా గట్టిపడ్డాయంటూ సోయాను పక్కన పెట్టేస్తారు. మామూలుకన్నా ఒకటి రెండు చెంచాల నీళ్లు ఎక్కువ పోసి, తడిబట్ట కప్పి అరగంట నాననివ్వండి. మొదట చేతికి అంటుకున్న ముద్ద అప్పటికి నున్నబడుతుంది. వేలితో నొక్కితే గుంట మెల్లగా పైకి రావాలి.

మీల్ మేకర్‌ను మిక్సీలో ఆడించి కలిపితే ఈ ఫలితం రాదు. తయారీలో తగిలిన వేడికే దాని ప్రోటీన్ కరిగే గుణాన్ని చాలావరకు కోల్పోతుంది, నోటికి రవ్వలా తగులుతుంది.

సమస్య: వత్తుతుంటే చిరుగుతోంది.

సోయా ఎక్కువైంది. అందులో గోధుమకుండే జిగురు ఉండదు. పాళ్లు తగ్గించి, ఇంకాసేపు మర్దించండి.

సమస్య: పచ్చివాసన.

పచ్చి సోయాలోని ఒక ఎంజైము, తడి తగలగానే గింజలోని కొవ్వుపై పనిచేసి ఈ వాసన పుట్టిస్తుంది. పిండిని సన్నని సెగ మీద పచ్చివాసన పోయేవరకే వేయించండి. రంగు మారేదాకా ఉంచితే నీటిని పట్టే శక్తి తగ్గుతుంది. పచ్చి సోయా అరగదు కూడా, కాబట్టి చపాతీని బాగా కాల్చాలి.

సమస్య: పెరుగుతో కలిపితే ముద్ద పొడిపొడిగా ఉంటోంది.

పులుపు తగిలితే సోయా ప్రోటీన్ విరిగి నీటిని వదిలేస్తుంది. పెరుగు బదులు పాలు వాడండి.

సమస్య: సోయా కలిపిన జంతికలు త్వరగా ఎర్రబడుతున్నాయి.

సోయా ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. అది చక్కెరలతో కలిసి త్వరగా రంగు తెస్తుంది. మంట తగ్గించి నిదానంగా వేయించండి. సోయా కలిపిన జంతికలు నూనె కూడా తక్కువ పీలుస్తాయి. ఇంటికి వచ్చినవారిలో సోయా పడనివారు ఉండవచ్చు, వడ్డించే ముందే చెప్పండి.